జల్లించిన తవుడు

కరువు సాయంగా పశువులకు తవుడు పంచే షెడ్డు. పంచేవాడు చేట ఎత్తాడు. మేకల కాపరి ఇల్లాలు సంచి పట్టింది.

"అన్నా, కాస్త జల్లించి పెట్టవా?"

"మీ మేకలు మరీ సుకుమారాలమ్మా! ఊక తగిలితే అలుగుతాయా?"

"గొంతులో గుచ్చుకుంటోంది."

"మేకకా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేకలేవి?"

"చివరిది కూడా చచ్చిపోయిందన్నా. చంటిదానికి జావ కాస్తున్నా. గట్టిగా అనకు, వెనక వరుసలో మావాళ్లున్నారు."

"ఛీ, ఇదేం పనమ్మా! నోరు తెరిచి తిండే అడగొచ్చుగా?"

"అడుగుతా. మనుషులకు పంచే షెడ్డు ఎక్కడో చెప్పు."

అతను చేట దించాడు.

"మనుషులకు పెట్టలేదు చెల్లెమ్మా," అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా. "సంచి ఇటివ్వు. జల్లిస్తాను."