వైట్నర్ కింద పేరు

పెనుగంచిప్రోలు కల్లంలో లూర్దమ్మ తాలు మిరపకాయలు ఏరుతుంటే, కూతురు జాయిస్ చదివే యూనివర్సిటీ నుంచి ఒక లెక్చరరు కారు దిగాడు. ఒక చేతిలో టైపు చేసిన కాగితం, ఇంకో చేతిలో ఇంకు ప్యాడు.

“మీ అమ్మాయి మా ప్రొఫెసరు గారి మీద పెట్టిన కంప్లైంటు వెనక్కి తీసుకుంటున్నట్టు వేలిముద్ర వెయ్యండమ్మా. తల్లి వేస్తే పిల్ల కాదనదు. ఆయన పెద్దమనిషి.”

“పెద్దోడేలెండి. మనిషేనా అని మా పిల్ల అడుగుతోంది.”

“ఆయన గైడమ్మా. దారి చూపించేవారు.”

“దారి చూపమంటే గెస్ట్‌హౌసులో గది చూపించాడంటగా.”

“అపార్థం చేసుకుంది. పీహెచ్‌డీ ఆగిపోతే నష్టం ఎవరికి? ఇక్కడ నొక్కండి.”

“ఇలా తెండి, చదువుతా.”

“మీకు చదువొచ్చా?”

“ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనేనండి. ఆ ప్యాడు మూత పెట్టుకోండి, ఆరిపోద్ది.”

లూర్దమ్మ కాగితాన్ని ఎండకేసి పట్టుకుంది. జాయిస్ అన్న అక్షరాల కింద వైట్నర్ పూత ఉంది. ఆ పూత వెనక మరో పేరు తేలింది.

“అక్షయ ఎవరండీ?”

లెక్చరరు కారు వైపు చూశాడు.

“కొత్త కాగితానిక్కూడా బద్ధకమా సారూ? పాత పిల్ల పేరుకి సున్నం కొట్టి మా పిల్లని ఎక్కించారు.”

“అది క్లర్కు పొరపాటు. ఇటివ్వండమ్మా.”

లూర్దమ్మ కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది.

“మా పిల్ల ఒక్కతే చెబుతోందని కదా మీ యూనివర్సిటీ విచారణ కమిటీ నమ్మట్లేదు. అక్షయని వెతికి రేపు ఇద్దర్నీ తీసుకొస్తా. ఆ క్లర్కుకి నా వందనాలు చెప్పండి.”