పొగని తోలిన సూర్యం మావ

ఏటే సోనీ, ఆ ఫోను మీద అలగ ఏలెట్టి జరుపుతున్నావు? ఆఁ? రేపు గాలి ఎటు తిరుగుతాదో సూపిత్తాదా? ఏదీ, ఇలగ తే. ఓలమ్మో, గాలంటే ఈ బాణం గుర్తులేనా! "హా నానీ, దేఖో నా" అంటావు గానీ, ఇలాటి బాణాలు నాను నీ వయసప్పుడే సూసేనే. ఫోన్లో కాదు, సిగరెట్టు పెట్టి అట్ట మీద, పెన్సిలుతో గీసినవి. మా సూర్యం మావ జేబులో ఉండేవి. మాయమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, నాకు మేనమామ. పోయి ముప్పై ఏల్లు. మీ అమ్మకే సరిగ్గా గురుతు నేదు, నీకేటి తెలుత్తాది. కూసో. ఈ సిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటా ఇను, వట్టి సేతుల్తో కూకుంటే కతకి రుసుండదు.

మనోల్లు సిక్కోలు నుంచి ఇంత దూరం, ఈ హిందీ ఊరికొచ్చింది ఇనప కార్ఖానాలో పని కోసరం. అందరూ గోల్‌మురి కార్ఖానా గేటు కాడికి సైకిల్లు తొక్కుతుంటే, ఈయనొక్కడే మానగో వంతెన దాటి దల్మా కొండేపు పోయేవోడు. అడివి శాఖలో ఫైర్ వాచరు. "మంటలార్పే ఉజ్జోగమా సూర్యం?" అని ఎవరన్నా అడిగితే, "కాదు బావా, మంటలెట్టే ఉజ్జోగం" అని పగలబడి నవ్వేవోడు. నిజవే మరి. మాగమాసం ఎల్లేసరికి కొండ మీద సాల్ సెట్లన్నీ ఆకు రాల్సీసి, అడుగేత్తే కాలు మోకాలు దాకా దిగిపోతాది. ఎండాకాలంలో ఏ ఎదవైనా బీడీ ముక్క ఇసిరేడనుకో, కొండంతా పోతాది, ఏనుగులు ఎటు పరిగెడతాయి పాపం? అందుకని ముందే, వాకిలి ఊడ్సినట్టు, బారుగా ఒక పట్టీ మేర ఆ ఎండాకంతా ఈల్లే కాల్చీత్తారు. తరవాత ఎక్కడ మంట లేసినా ఆ పట్టీ కాడికొచ్చి ఆగిపోవాల్సిందే. "నిప్పెట్టడం ఏ గాడిదైనా సేత్తాదే ఉమా, పొగని తోలుకెల్లడమే పని" అనేవోడు నాతో. గొడ్లని తోలినట్టేనా అంటే, "గొడ్లే నయం, పేరెట్టి పిలిత్తే ఆగుతాయి" అనేవోడు.

ఆ తోలడానికే ఈ బాణాలు. వాతావరణం ఆఫీసులో భీమశంకర్ గారని ఉండీవారు, రాజమండ్రేపు మనిషి, పెద్ద సదువు, ఆ అట్టల మీద బాణాలు గీసిచ్చీది ఆయనే. ఆయన మాటలు పుస్తకంలో అచ్చేసినట్టుండేవి. "సూర్యం గారూ, రేపు గాలి ఉత్తరం నుంచండీ, మీరు ముట్టిస్తే పొగంతా ఊరి మీదకే వచ్చేస్తుందండీ, ఆగండి." ఈయన ఆగేవోడు. ఇంకో రోజు "గాలి బొత్తిగా లేదండీ, పొగ ఉన్నచోటే కూర్చుంటుంది" అనీవారు. మరో రోజు గాలి మరీ జోరు, మంట పట్టీ దాటీత్తాది. దచ్చినం నుంచి గాలి రావాల, మరీ ఎక్కువా తక్కువా కాకూడదు, పైన ఎండ కాసి నేల ఏడెక్కాల, అప్పుడే పొగ నిటారుగా లేసి కొండ అవతలకి పోతాది. అంత ముద్దొచ్చే రోజు నెలకి రెండో మూడో. అది కూడా మావ ఉత్తినే నమ్మీవోడు కాదు. "అట్ట మీదున్నది ఆకాశం మాట, కొండ మాట కొండనే అడగాల" అని పిడికెడు ఆకు ముట్టించి, ఆ పొగ ఎటు పోతాదో తలెత్తి సూసి, అప్పుడు గానీ పట్టీకి నిప్పెట్టనిచ్చీవోడు కాదు. రేంజరు సాబ్ నిలబడి గడియారం సూసుకున్నా సరే.

మా వీధిలోనూ ఇదే పెత్తనం. అప్పుడు గ్యాసులెక్కడివి, బొగ్గుల కుంపట్లే. తెల్లారగట్ల ఇంటికొకటి బయటెట్టి రాజేసేవోల్లు, మా సీతారాండేరా పేటంతా పొగ. సలికాలం అయితే అది లెగవదు, దుప్పటి కప్పుకుని పడుకున్న మొగుళ్ళాగ నేల మీదే దొర్లుతాది. మీ పొగ మా ఇంట్లోకొచ్చిందంటే మీ పొగే మా ఇంట్లోకొచ్చిందని ఆడోల్లు జుట్లు పట్టుకునీవోరు. మావ సైకిలు దిగి, మధ్యలో నిలబడి, అట్ట తీసి, "ఇయ్యాల తూరుపు గాలి. పడమటి వరసోల్లు ముందు ముట్టించండి, తూరుపోల్లు ఎండెక్కాక" అని తీర్పు సెప్పీవోడు. ఎవలూ ఇనీవోరు కాదనుకో. నవ్వుకునీవోరు. "ఇదిగో వచ్చేడు గాలి దొర" అనీవోరు.

ఇంక నా పెల్లి. పాల్గునంలో పంతులు లగ్గం ఎట్టేడు, సందేళ ఏడుంపావుకి. మనలో పెల్లికూతురు నడిసి పందిట్లోకి రాకూడదు కదా, మేనమామ గంపలో కూసోబెట్టి ఎత్తుకురావాల. నాకున్నది ఒక్క మేనమామ. నెల ముందే జుగ్సలాయి బజారుకెల్లి గట్టి ఎదురుబద్దల గంప తెచ్చి, అందులో బియ్యం బస్తా ఎట్టి వాకిట్లో మోసి సూసుకున్నాడు. "నువ్వు బస్తా కన్నా బరువే, ఇయ్యాల్టి నుంచి ఒక పూటే తిను" అని ఏడిపించీవోడు. అంతా బాగుంది. పెల్లికి ముందురోజు భీమశంకర్ గారి కాడ నుంచి అట్ట వచ్చింది. బాణం దచ్చినం నుంచి. నెలంతా ఎదురుసూసిన రోజు, ఆ యేడాదికి ఆకరి మంచి రోజు, సరిగ్గా నా పెల్లి రోజే పడింది. ఆ పట్టీ మిగిలిపోతే ఎండాకాలంలో కొండకి దిక్కు నేదు. మాయమ్మ ఏడుపు లంకించుకుంది. "ఒరే, పిల్లని ఎవలెత్తుతార్రా?" మావ నా కాడికొచ్చి, గెడ్డం పట్టుకుని, "మూడింటికల్లా మంట అయిపోద్ది, ఆరింటికి నీ ముందుంటాను. పొగ రాదు, నాను వత్తాను" అన్నాడు. రెండు మాటలిచ్చీసి ఎల్లిపోనాడు.

ఆరయింది. రానేదు. ఆరున్నరయింది. నాను గంప పక్కన సీరంతా సర్దుకుని కూకున్నాను. అప్పుడు సూడు, పందిట్లోకి పొగ! కల్లు మండిపోయేలాగ, పంతులు మంత్రం మానీసి దగ్గుతున్నాడు. మా అత్త, అదే మీ తాత తల్లి, నూకాలమ్మ, నోరు మంచిదే గానీ పెద్దది, ఆవిడ లేసి, "ఓలమ్మో ఓలమ్మో, ఈల్ల తమ్ముడు అడివి తగలెట్టీసి మా మీదకి తోలీసేడ్రా! పిల్లనెత్తడానికి మనిషి రానేదు, పొగ వచ్చీసింది!" అని కేకలు. మాయమ్మ తలొంచుకుంది. నాకు ఆ పొగ కన్నా ఆ మాటకే కల్లమ్మట నీల్లొచ్చీసేయి. మాట తప్పేడేటి మావ, అనుకున్నాను. అనుకున్నానే, అబద్దమెందుకు.

ఏడుకి ఐదు నిమిషాలుంది, సైకిలు గంట! దిగేడు. ఖాకీ నిక్కరు, ఒంటి నిండా మసి, కనుబొమ్మలు సగం కాలిపోయి, పల్లొక్కటే తెల్లగా కనిపిత్తన్నాయి. అందరూ మీదడిపోబోయేరు. ఈయన ముక్కు పైకెత్తి, రెండు మాట్లు గట్టిగా పీల్సేడు. "ఇది ఆకు పొగ కాదు. బొగ్గు" అన్నాడు. గాలికి ఎదురు నడుసుకుంటా ఎల్లేడు, ఎనకాతల పెల్లోల్లంతా ఊరేగింపు. ఎల్లి సూత్తే ఏటి? మొగపెల్లోరి ఇడిదింటి ఎనక వరసగా పన్నెండు కుంపట్లు! ఆల్లకి కాఫీలు కావాల, ఏన్నీల్లు కావాల, పొద్దుగూకే యేలకి అన్నీ ఒక్కసారే రాజేసి ఒగ్గీసేరు. ఆ పన్నెండూ ముట్టించమన్నది ఎవరూ? నూకాలమ్మే! మావ సేతులు జోడించి, "ఒదినా, మా అడివి కన్నా మీ కాఫీయే పెద్దది" అన్నాడు. ఆవిడ ఒక్క నిమిషం గుడ్లురిమింది, తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది సూడు, ఆవిడ నవ్వితే పందిరంతా నవ్వింది. తానే నీల్ల బిందె ఎత్తి కుంపట్లన్నీ ఆర్పీసింది. సచ్చేదాకా మా అత్త కాఫీ తాగిన ప్రతిసారీ "సూర్యం వాసన పట్టీత్తాడేమో" అనీది.

ఆలీసం ఎందుకైందంటావా? మంట మూడింటికే అయిపోనాదట. కానీ పాత మొద్దులు ఉంటాయి కదా, పైకి ఆరినట్టుండి లోపల కుములుతుంటాయి. పొద్దుగూకేక గాలి సల్లబడి, ఆ పొగ కొండ మీంచి జారి, నది దాటి ఊల్లోకి దిగుతాదట. సూరజ్ అని తోటి వాచరు, తరవాత మాకు సెప్పేడు: "ఛోడ్ దే సూర్యం, తేరీ భాంజీ కీ షాదీ హై", ఒగ్గీ, నీ మేనకోడలి పెల్లి గదా, అన్నాడట. మావ "ఇసీలియే", అందుకే, అన్నాడట. ఒక్కో మొద్దు కాడికీ ఎల్లి, మట్టేసి, నీల్లోసి, సెయ్యెట్టి సల్లబడిందో నేదో సూసి, అప్పుడు సైకిలెక్కేడు.

సేతులు కడుక్కోమని ఎవలో నీల్లు తెచ్చేరు. నానే, పెల్లికూతుర్ని, నోరెత్తకూడదు గదా, "కడగొద్దు, బేగి ఎత్తు మావా, లగ్గం దాటిపోతాది" అని అరిసేను. అందరూ గొల్లున నవ్వేరు. ఎత్తేడు. గంపలో కూసోబెట్టేసరికి నా తెల్లసీర మీద నల్లగా పది ఏలి ముద్దర్లు పడ్డాయి. నాను సంబరంగా గంపలో కూకుని, ఆయన గంపెత్తేక రొమ్ముకి నా సెవి ఆనించేను. లోపల సన్నగా, ఎవలో ఈల ఏత్తన్నట్టు ఇనిపించింది. ఊపిరి పీల్సినప్పుడల్లా. ఈల కాదే అది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేల్లుగా ఊరి మీదికి రానివ్వని పొగంతా ఎక్కడికెల్లిందో. "ఏటే, బరువెక్కేవు" అన్నాడు నవ్వుతా. "నువ్వే మెల్లగా నడు మావా" అన్నాను, "కంగారేటి నేదు." లగ్గం దాటిపోతాదని అరిసిందాన్ని నానేనా...

ఏటీ నేదు. ఏటీ నేదమ్మా. ఆ సిక్కుడుకాయలు ఇలగ తే, పురుగున్నాయో నేదో సూత్తాను.