తిక్కితుం బరబల్లో

చలికాలంలో ఇటలీ తీరాన కియోజా రేవు మీదికి పొగమంచు దిగితే పడవలు కదలవు. పడవలు కదలకపోతే మగాళ్ళంతా సాంతే కాఫీకొట్టులో చేరి పేకాడుకుంటారు. ఒత్తోరినోకి ఆ పూట పండగే, చెప్తే వినేవాళ్ళు దొరుకుతారు. ఎనభై దాటిన ఒంటిమనిషి. ఇంట్లో ఆయన్ని పలకరించేది కారే కుళాయి ఒక్కటే. అందుకని ఎవడైనా లేచిపోవడానికి కుర్చీ వెనక్కి జరిపాడా, ఆయన కథకి ఇంకో అంతస్తు లేచేది.

"నేను మిలాన్ స్టూడియోలో ఉన్న రోజుల్లో," అని అందుకున్నాడు, "ముందు ట్యూను కడతారు, మాటలు రాసే పెద్దమనిషి ఏ పదిరోజులకో రాసి తెస్తాడు, ఈలోగా కొలత తెలియాలిగా, ఎవడో ఒకడు నోటికొచ్చింది పెట్టి పాడాలి, వాటిని ముసుగు మాటలంటాం, ఆ పాడేది నేనే! ఓ రోజు టీవీలో పిల్లల కార్యక్రమానికి పాట. చూస్తే రైళ్ళ సమ్మె, మాటలాయన జాడ లేదు. గంటలో ప్రసారం. ట్యూను కట్టిన మేష్టారు నా చేతులు పట్టుకుని, 'నాయనా ఒత్తోరినో, నీ మాటలే ఉంచేద్దాం' అన్నాడు. అలా వెళ్ళింది జనంలోకి: తిక్కితుం బరబల్లో, లుంకితులుం పం!"

"అంటే ఏమిటో?" అన్నాడు పడవ దువీలియో, ముక్కల్లోంచి తలెత్తకుండా.

"ఏమిటో తెలిస్తే పిల్లలెందుకు పాడతారయ్యా? మర్నాటికి మిలాన్‌లో ఒక్క పిల్లాడూ అమ్మా అనలేదు. ఆకలేసినా తిక్కితుమే, అన్నీ తిక్కితుమే! టీచర్లు హాజరు పిలిస్తే బరబల్లో అని పలికారట."

దువీలియో ముక్కలు కింద పెట్టాడు. లేచిపోతాడేమోనని ఒత్తోరినో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండవయ్యా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విట్జర్లాండులో ఆవులు దానికి తల ఊపుతూ పాలిచ్చాయి. పాలేమిటి, తిన్నగా వెన్నే! ఎందుకూ, మీ నాన్న వలలోకి సార్డీన్ చేపలు వరసకట్టి వచ్చి పడింది ఆ ఏడే కదూ?"

"ఆ ఏడు మా నాన్నకి పడవే లేదు."

"పడవ లేకుండానే వచ్చి పడ్డాయంటే చూసుకో మరి!"

అందరూ నవ్వారు. కిటికీ దగ్గర కూర్చున్న నీవెస్ మాత్రం నవ్వలేదు. చెల్లెలి ఇంట్లో ఉండడానికి ఈమధ్యే ఊళ్ళోకి వచ్చిన ముసలావిడ. ఎదట కాఫీ చల్లారిపోతున్నా ఈయన్నే చూస్తోంది. కొత్త శ్రోత దొరికేసరికి ఒత్తోరినోకి ఇంక పగ్గాల్లేవు.

"రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలబడి, తుపాకులు ఎత్తి, తీరా పేల్చబోతూ ఇటువాడు తిక్కితుం అన్నాడు, అటువాడు బరబల్లో అన్నాడు, అంతే, యుద్ధం గోవిందా! ఇంకా వినండి, అంతకుముందు గడగడమనే ఉరుము కూడా ఆ ఏడాది నుంచి లుంకితులుం అనే ఉరిమింది!"

"అయ్యా," అంది నీవెస్. "ఆ స్టూడియో కాలవ పక్కన, మూడో అంతస్తు కదూ?"

"అదే! మీరూ విన్నారా దాని పేరు?"

"అక్కడే పనిచేశాను. సమ్మె నిజమే. కానీ మాటలాయన్ని మేష్టారు స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు. పాట ఆయన మాటల్తోనే వెళ్ళింది. మీ తిక్కితుం టేపు మీద ఉన్నది ఒక పూట. చెరిపేశారు. చెరిపింది నేనే. ఆరేళ్ళు నా పని అదే."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. "ఉరుమునీ ఈవిడే చెరిపేసిందిరోయ్!" అని సాంతే గల్లా బల్ల చరిచాడు. నవ్వి నవ్వి ఒక్కొక్కరే కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఒత్తోరినో తల వంచుకున్నాడు. ఆయనకి తెలియనిదేమీ కాదు. అన్నేళ్ళు పాడినా ఆయన పాడిన మాట ఒక్కటీ ఆ గది గుమ్మం దాటలేదు. దాటిందని చెప్పుకోవడానికి ఈ కొట్టు ఒక్కటే మిగిలింది, ఇవాళ్టితో అదీ పోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నీవెస్ వైపు తిరిగాడు.

"చెరిపేముందు... విన్నారా?"

"వినకుండా చెరపకూడదు. పొరపాటున ఇంకో టేపు పోతుందని రూలు. మొదట్నుంచి చివరిదాకా వినాల్సిందే. మీవన్నీ విన్నాను."

"అన్నీ?"

"అన్నీ. లుంకితులుం దగ్గర మీ గొంతు రవ్వంత జారేది. ఆ జారుడు అసలు పాట పాడినావిడకి చివరిదాకా పట్టుబడలేదు."

ఒత్తోరినో కుర్చీ ఆవిడ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పండి," అన్నాడు. "ఇంకా ఏం పాడేవాణ్ణి?"