వెంకట్రాజం మీసం

వరంగల్‌లో ఒక దవాఖాన. పొద్దున్నే మంచం మీద రఘునాథపల్లి వెంకట్రాజం. ఎదురుగా నర్సు యమున.

"అసలు గుండు ఎవరు కొట్టించుకొమ్మన్నరు కాకా?"

"తలకాయ లోపట గడ్డ అన్నరు గద బిడ్డా. మీకు పని తక్కువైతదని వెంట్రుకలు మల్లన్న దేవునికి ఇచ్చొచ్చిన."

"కెమెరా ముక్కులకెల్లి పోతది. గడ్డ గూడ ముక్కులకెల్లే వస్తది. తలకు గాటు సుత ఉండదు. సార్ రెండుసార్లు చెప్పిండు."

"మల్లన్నకు ఇచ్చినవి ఇగ వాపసు రావు."

"వెంట్రుకలు మొలుస్తయ్ గని, ఇప్పుడు మీసం తియ్యాలె. నోట్లె వెట్టే గొట్టానికి ఏసే టేపు దాని మీద అంటుకోదు."

"మీసమా? కాదు. అది కాదు."

"ఎందుకు కాదు?"

"నాయిన బతికుండంగ మీసం తీస్తరా ఎవలన్న? గుండు కొట్టించుకున్నా మీసం ఎందుకుంచిన? వెంట్రుకలు, మీసం రెండూ లేకుంట బస్సు దిగితే, ఊరోళ్లు మా నాయిన ఎప్పుడు వోయిండని ఏడ్సుకుంట వస్తరు."

"కాకా..."

"గడ్డ మంచిదే, క్యాన్సర్ కాదన్నరు. ఎవ్వల జోలికి పోనిదాన్ని తీసుడెందుకు? ఉండనియ్యుండ్రి."

"కంటి నరాన్ని ఒత్తుతాంది. పక్కలకు కనవడ్తలేదు మీకు. ఇట్లనే ఇడిస్తే ముంగటిది గూడ పోతది."

"నాకు సక్కగనే కనవడ్తది."

"మొన్న బర్రెను గుద్దుకున్నరట."

"బర్రెనే నన్ను గుద్దింది."

"తలుపును?"

"అది ఎవలో సగం తెరిచి వెట్టిండ్రు."

"భయమైతాంది, అంతేనా?"

"ముక్కుల పుల్ల వెడితేనే తుమ్ములొస్తయ్. కెమెరా వెడ్తరట. భయం గాదా? భయమే. గని మీసం మాట గూడ నిజమే."

"మీ నాయిన ఒప్పుకుంటే?"

"ఒప్పుకోడు. ఆయనకు ఎనబై ఏండ్లు, శానా పట్టుదల మనిషి. ఈ సంగతే చెప్పలే. పొలంకాడ ఉంటడు."

"ఒకవేళ వచ్చి, తియ్యిండ్రి అంటే?"

"ఆయన నోటితోని అంటే నిమిషం ఆగ. ఇప్పుడే తియ్యి. గని ఆయన ఇక్కడ నిలవడి అనాలె, నేను చూడాలె."

"ఆయన నిలవడి అంటే చూస్తరా?"

"ఎందుకు చూడ? కండ్లు లేవా నాకు?"

"ఆ బ్లేడు ఇటియ్యి బిడ్డా. అర్ధగంట సంది వీని కుడిపక్కకే నిలవడ్డ, కన్నతండ్రిని, వీనికి కనవడ్తనే లేను."