గండయ్య గారితో పాటు మౌనంగా

1991 జూలై 15వ తేదీన మేడ్చల్‌లోని మన పంపుల కర్మాగారంలో ఫిట్టర్‌గా ప్రవేశించిన శ్రీ గండయ్య గారు, మూడు దశాబ్దాలకు పైబడిన సుదీర్ఘ సేవానంతరం, అసెంబ్లీ విభాగం సూపర్‌వైజర్‌గా ఈ మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన సమకాలికునిగా ఈ నాలుగు మాటలు రాసే బాధ్యత నాకు దక్కింది.

ఉద్యోగం చేస్తూనే డిప్లొమా పూర్తిచేసి, 2004లో సూపర్‌వైజర్ పదవిని అలంకరించిన గండయ్య గారిని తలచుకోగానే తోటివారికి మొదట గుర్తొచ్చేది ఆయన కంఠం. యంత్రాల హోరులో సైతం "చెయ్యి తియ్యి బిడ్డా!" అని ఆయన కేకవేస్తే షెడ్డు చివరనున్నవారు కూడా ఉలిక్కిపడేవారు. ఆ కేక వల్లనే తన వేళ్లు దక్కాయని అసెంబ్లీ విభాగంలోని మహేందర్ గారు నేటికీ చెబుతారు.

అటువంటి కంఠాన్ని 2022లో క్యాన్సర్ హరించింది. స్వరపేటికను తొలగించిన శస్త్రచికిత్స అనంతరం విధులకు మరలివచ్చిన ఆయన, షెడ్డులో సైగలతో నెట్టుకొచ్చారు గానీ, కొంపల్లి డిజైన్ కార్యాలయంతో ప్రతి సోమవారం జరిగే వీడియో సమావేశాల్లో ఒంటరివారయ్యారు. ఆయన కాగితం మీద రాసి చూపేలోగా చర్చ ముందుకు వెళ్లిపోయేది. క్రమంగా రాయడం మానేశారు.

ఒకనాడు ఆయన సతీమణి ఈదమ్మ గారు మచ్చ బొల్లారం నుంచి బస్సులో నా వద్దకు వచ్చారు. "సారూ, నౌకరీ ఇడిసిపెడ్తనని పలక మీద రాసి సూపెట్టిండు. మాట బోయినోనితోని ఎవలకు పని అంటుండు. మీరన్న జెర సమజయ్యేటట్టు జెప్పుండ్రి" అని కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆమెను ఊరడించి పంపాను. డిజైన్ ఇంజినీరు శ్రీలేఖ గారితో ఈ సంగతి అంటే, "ఆయనొక్కరే ఎందుకు రాయాలండీ? అందరం రాద్దాం" అన్నారు. అలా వచ్చింది మన ఆన్‌లైన్ వైట్‌బోర్డు. మేడ్చల్‌లో కొందరు, కొంపల్లిలో కొందరు కూర్చుని, ఒకే తెర మీద రంగుల చీటీలు పెట్టి, బొమ్మలు గీసి, బాణాలతో కలుపుతుంటే అప్పటికప్పుడే అందరికీ కనబడేది. సమావేశం ఆరంభంలో పది నిమిషాలు ఎవరూ నోరు విప్పరాదన్న నియమమూ ఆమెదే.

మొదటిరోజు గండయ్య గారు చాలాసేపు కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక పసుపు చీటీలో అక్షరాలు మెల్లగా నిండాయి: "ఇగ నా మాటను నడుమల ఎవ్వలు కొయ్యలేరు." అందరం నవ్వాం. ఆయన భుజాలు కూడా నవ్వుతో కదిలాయి. శబ్దం మాత్రం రాలేదు. అది చూసి మా నవ్వులు ఆగిపోయాయి. వెంటనే మరో చీటీ వచ్చింది: "నవ్వుండ్రి. నేను గూడ నవ్వుతనే ఉన్న."

ఉద్యోగం వదిలే ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత తయారైన ప్రతి పంపు నమూనాలోనూ ఆయన చీటీలు, ఆయన బాణాలు ఉన్నాయి.

గత వర్షాకాలంలో వ్యాధి తిరగబెట్టింది. చికిత్సల నడుమ ఇంటి నుంచే బోర్డు మీద రాస్తూ వచ్చారు. ఇటీవల ఆ చీటీలు పొట్టివయ్యాయి. కొన్ని సోమవారాలు రావడమే లేదు. అయినా ఆ పది నిమిషాలూ మేము ఎదురుచూస్తూనే ఉంటున్నాం.

విరమణ పొందేవారికి ఆయురారోగ్యాలు కోరడం మన ఆనవాయితీ. ఎందరికో అలవాటుగా రాసిన ఆ వాక్యం దగ్గర ఈసారి నా కలం ఆగిపోయింది. గండయ్య గారు సంపూర్ణ ఆరోగ్యవంతులై, ఈదమ్మ గారితోనూ పిల్లాపాపలతోనూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మేమంతా చేతులు జోడించి అడుగుతున్నాం. భగవంతుడు ఈ ఒక్కసారి మా మాట వినాలి.

— గోపాలరావు, నాణ్యత విభాగం