9,99,991కి కారణాంకాలున్నాయా?

లోపల అమ్మకు గుండె ఆపరేషన్ జరుగుతోంది. బయట వరండాలో తమ్ముడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. లెక్కల టీచరైన అక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

"కూర్చోరా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కాలు నిలవట్లేదక్కా."

"అయితే అమ్మ కేసు నంబరు చూడు. 9,99,991. దేంతోనైనా శేషం లేకుండా భాగం పోతుందా?"

"ఇప్పుడా లెక్కలు?"

"ఇప్పుడే."

"మూడుతో పోదు, అంకెలు కలిపితే నలభై ఆరు. ఏడుతో చేస్తే ఆరు మిగులుతోంది. పదకొండు, పదమూడు... ఊహూఁ. ఇది ప్రధాన సంఖ్యేలే, వదిలెయ్."

"తొందరపడకు. పది లక్షలకి ఎంత తక్కువ?"

"తొమ్మిది."

"పది లక్షలంటే వెయ్యి వర్గం. తొమ్మిదంటే మూడు వర్గం."

"ఆగాగు! వెయ్యిలోంచి మూడు తీస్తే 997, కలిపితే 1003. ఆ రెంటినీ గుణిస్తే ఇదే!"

"997 ఇక విడదు. 1003ని పదిహేడుతో చూడు."

"పదిహేడు యాభై తొమ్మిదులు! అక్కా, తలుపు తీశారు. డాక్టరొస్తున్నాడు, లే."

"నువ్వెళ్ళరా. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"ఇంతసేపూ నిబ్బరంగానే ఉన్నావుగా?"

"నీ గొంతు వింటూ కూర్చున్నాన్రా. వెళ్ళు."

తమ్ముడు పరుగున వెళ్ళి, అంతకంటే వేగంగా తిరిగొచ్చాడు.

"అక్కా! గండం గడిచిందట! అమ్మకింకేం భయం లేదట!"

"మళ్ళీ చెప్పరా."