నేనడిగిన బదిలీ

సభాధ్యక్షులు, మన సంఘ పెద్దలు సదయ్యగారికి, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, అక్కలకు, మొదటి షిఫ్టు దిగి కడుపులో ముద్దయినా పడకుండా నేరుగా ఇక్కడికొచ్చిన అన్నలకు, ప్రభువు నామంలో నా వందనాలు. నిండా పాతికేళ్లు లేనివాడికి ఇంత పెద్ద శాలువా కప్పి, 'గొప్ప దైవసేవకుడు' అన్నారు సదయ్యగారు. శాలువానైతే మోయగలను గానీ ఆ మాటను మోయలేను. (నవ్వులు) వీడ్కోలు సభలో అనకూడని మాట ముందే అనేస్తాను. నాకు వెళ్లాలని లేదు.

పోయినేడు హైదరాబాదు సువార్త కూటాలకు వెళ్లి జ్వరంతో తిరిగొచ్చాను. అప్పుడు ఎక్కడ చూసినా స్వైన్‌ఫ్లూ భయం కదా, జ్వరం పూర్తిగా తగ్గేదాకా క్వార్టరు గడప దాటొద్దన్నారు డాక్టరుగారు. మీకు సువార్త చెబుదామని పాలకొల్లు నుంచి ఈ బొగ్గుగనుల కాలనీకి వచ్చిన నేను, తలుపేసుకుని గోడలకు చెప్పుకున్నాను. పొద్దున కీర్తన, గంజి, బైబిలు, మళ్లీ గంజి. కొద్ది రోజులకే కీర్తన మానేశాను. వినేవాళ్లు లేని పాట నాకే వినబుద్ధి కాలేదు. అప్పుడు మా పక్క క్వార్టరు సారక్క, గేటు దగ్గర జొన్న గటక గిన్నె పెట్టి కేకేసింది. “ఏంది తమ్మీ, పాట బంద్ చేసినవ్? నీ పాట ఇనవడ్డంకనే నేను పొయ్యి ముట్టిస్త. ఇయ్యాల మీ అన్న సద్ది లేకనే డ్యూటీకి పోయిండు!” (నవ్వులు) నవ్వకక్కా, నీ మాటతోనే మర్నాడు మళ్లీ నోరు తెరిచి పాడాను.

సద్ది లేకుండా పోయిన ఆ అన్న గట్టయ్య, సారక్క భర్త. ఒక వేకువ నా క్వార్టరు వెనక గోడను ఎవరో దబదబా బాదారు. రోగం మోసుకొచ్చానని రాళ్లు రువ్వుతున్నారనుకుని మంచం కింద దూరి, కిక్కురుమనకుండా పడుకున్నాను. బాదుడు ఆగదే! చివరికి కిటికీ దగ్గర గట్టయ్యన్న గొంతు వినిపించింది.

“తమ్మీ! ఇయ్యాల పాట ఇనవడలే. ఉన్నవా, పోయినవా? బొగ్గుబాయిల కప్పు కూలి మనిషి అవుతల చిక్కితే మేం ఇవుతలకెల్లి గిట్లనే కొడ్తం. లోపలోడు మళ్ల కొట్టాలె. నువ్వు సప్పుడు చెయ్యకపోతివి, నా పానం పోయింది!”

అప్పటికే షిఫ్టు వేళ దాటిపోయి, ఆ రోజు ఆయనకు మస్టర్ పడలేదు, జీతం పోయింది. తరవాత రోజూ డ్యూటీకి పోతూ ఆయన బయట కొట్టేవాడు, నేను లోపల కొట్టేవాణ్ణి. ఆ చప్పుడు కోసం ముందే లేచి గోడ పక్కన కూర్చునేవాణ్ణి.

అయితే ఆయన మొదటిసారి గోడ బాదడానికి ముందు రోజే, నన్నిక్కడికి పంపిన మా మిషను పెద్దలకు ఫోన్ చేసి, నన్నిక్కణ్ణించి మార్చండని ఏడ్చాను. సిగ్నల్ కోసం కిటికీలో నిలబడి ఏడ్చాను గనక కాలనీ అంతా విన్నది, దాచడానికేముంది! (నవ్వులు) ఇన్నాళ్లకు నా మొర ఆలకించారు. బదిలీ వచ్చింది. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను, ఉంటానన్నాను. “నువ్వే కదయ్యా అడిగావు” అన్నారు. నిజమే. అక్కడా మనుషులుంటారు, అక్కడా దేవుడుంటాడు, తెలుసు. అయినా షిఫ్టు సైరన్ మోగని ఊళ్లో నాకు ఎలా తెల్లవారుతుందోనని దిగులుగా ఉంది.

ఇంకొక్క మాట. గట్టయ్యన్నను ఒక్క ఆదివారం మందిరానికి రమ్మని ఎన్నిసార్లు పిలిచానో! “నాకు మా సమ్మక్క తల్లి ఉన్నది తమ్మీ, నీ దేవునికి నువ్వున్నవు గద” అనేవాడు. ఆయన్ని ఈ మందిరం గడప లోపల ఒక్కసారి చూపించమని మోకాళ్ల మీద అడిగాను. ఇవాళ, అదిగో, చివరి వరసలో తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చావన్నా. బదిలీ అడిగాను, నిన్నడిగాను. రెండూ ఈ ఒక్క రోజునే తీర్చాడు దేవుడు.

నాకు అన్నం పెట్టిన అందరికీ కృతజ్ఞతలు. సెలవు నా నోటితో అడగలేను. మీరే ఇచ్చి పంపండి.